పాట హక్కు, కూత హక్కు: ఊరి ఆటల ప్రత్యక్ష ప్రసారాల్లో యంత్రం విధించే మౌనం

పామర్రు దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళేది, రెండవది గుడివాడ, భీమవరాల మీదుగా దిగమర్రు చేరేది. ఈ కూడలి చుట్టూ ఉన్న కొద్దిపాటి నేల తెలుగు పాటకు ఇచ్చింది మాత్రం కొద్దిపాటిది కాదు. క్షేత్రయ్య తన పదాలలో పిలుచుకున్న గోపాలుడి మువ్వ, నాట్యానికే పేరుగా నిలిచిన కూచిపూడి ఇక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. నందమూరి తారకరామారావు 1923 మే 28న పుట్టిన నిమ్మకూరు ఈ మండలంలోనిదే. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న పుట్టిన చౌటపల్లి గుడివాడకు సమీపంలో ఉంది. ఘంటసాల స్మృతికి నివాళిగా సమర్పితమవుతున్న ఈ ఉపన్యాసం ఆయన గానాన్ని మరొకసారి కీర్తించడానికి ఉద్దేశించినది కాదు. అటువంటి గొంతులు ముద్రితమైన పాట ఈనాడు అవే ఊళ్ళ ఆటస్థలాల్లో మైకు నుంచి వినిపించినప్పుడు తలెత్తుతున్న ఒక కొత్త చిక్కును, దానిలో ఇమిడి ఉన్న న్యాయాన్యాయాలను పరిశీలించడానికి ఉద్దేశించినది.

ఈ ఊళ్ళలో సంక్రాంతికి, దసరాకు, జాతరలకు జరిగే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు, ఎడ్ల బండలాగుడు పోటీలు ఇప్పుడు గీత చుట్టూ మూగిన జనం కోసం మాత్రమే జరగడం లేదు. స్టాండు మీద నిలిపిన ఒక సెల్‌ఫోను, ఒక ఇంటర్నెట్ కనెక్షను ఉంటే చాలు, ఆట జరుగుతున్న సమయంలోనే యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో 'లైవ్' మొదలవుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవారూ, కువైట్‌కు పనికి వెళ్ళినవారూ, అమెరికాలో స్థిరపడినవారూ తమ ఊరి జట్టు ఆటను అప్పటికప్పుడు చూడగలుగుతున్నారు. అయితే ఊరి ఆటకు పాట తోడు లేని రోజు లేదు. తెల్లవారి మైకుసెట్టు కట్టగానే భక్తిగీతంతో మొదలై, జట్లు దిగే వేళకు హుషారైన సినిమా పాటగా మారి, బహుమతి ప్రదానం దాకా అది సాగుతూనే ఉంటుంది. ఆ పాట ప్రసారంలోకి చేరగానే, వేదికను నడిపే యంత్రం దానిని గుర్తుపట్టి, హక్కుదారు ముందే నిర్ణయించి పెట్టిన షరతు ప్రకారం శబ్దాన్ని ఆపివేయడమో, ఒక్కొక్కసారి బొమ్మను సైతం నిలిపివేయడమో చేస్తుంది. మనిషి ఎవరూ విని నిర్ణయించకుండా, ముందుగా ఇచ్చిన ఆదేశం మేరకు యంత్రమే చేసే ఈ శబ్దనిరోధాన్ని స్వయంచాలక మ్యూట్ అనవచ్చు.

పాటకు యజమాని ఉన్నాడన్న సంగతిలో సందేహానికి తావులేదు. కాని ఆ పాట వెనుక వినిపిస్తున్న మిగిలిన ధ్వని, అంటే ఆటగాడి కూత, రిఫరీ ఈల, వ్యాఖ్యాత మాట, జనం కేక అనాథ ధ్వని కాదు. దానికీ సొంతదారులు ఉన్నారు. మొదటివారి సొత్తును కాపాడడానికి రెండవవారి సొత్తును తుడిచివేసే పద్ధతి, చట్టం పేరు చెప్పుకున్నా, న్యాయం కాజాలదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం ఎటువంటిదో, రెండు నిమిషాల పాట కోసం అరగంట ఆటను మూగబోనివ్వడం అటువంటిదే. ఈ ఉపన్యాసం వాదించేది ఇంతే, మిగిలినదంతా దానికి వివరణ.

శబ్దం పోతే ఆటలో ఏం పోతుందన్న ప్రశ్నకు కబడ్డీ ఇచ్చే సమాధానం మరే ఆటా ఇవ్వలేదు. క్రికెట్‌లో శబ్దం లేకపోయినా పరుగులు కనిపిస్తాయి, వాలీబాల్‌లో బంతి నేలను తాకడం కనిపిస్తుంది. కబడ్డీలో మాత్రం శబ్దమే నిబంధన. ఎదుటి బరిలోకి అడుగుపెట్టిన ఆటగాడు గుక్క తిప్పుకోకుండా, స్పష్టంగా, అంపైరుకు వినిపించేలా 'కబడ్డీ' అని కూత పెడుతూనే ఉండాలి. కూత ఆలస్యంగా మొదలైనా, మధ్యలో తెగినా అతడి వంతు ముగిసినట్లే. 30 సెకన్లలో ముగియవలసిన ఒక్కొక్క రైడులో అంపైరు తీర్పు సగం కంటితో, సగం చెవితో వెలువడుతుంది. నలుగురు చుట్టుముట్టి నడుమునూ మడమనూ పట్టి వెనక్కు లాగుతుండగా, మధ్యగీత వైపు చెయ్యి చాచిన ఆటగాడి కూత గీత తాకేదాకా నిలిచిందా, అంతకు ముందే తెగిందా అన్న దానిపై ఒక పాయింటు, ఒక్కొక్కసారి ఆట మొత్తం ఆధారపడుతుంది. ఆ క్షణంలో మైకులో మోగుతున్న సినిమా పాట కారణంగా ప్రసారం మూగబోతే, దూరాన చూస్తున్నవాడికి తీర్పు ఎందుకు అలా వచ్చిందో తెలిసే మార్గమే ఉండదు. రేపు ఎవరైనా ఆ వీడియోను సాక్ష్యంగా తిరిగి చూడదలిస్తే అందులో సాక్ష్యం ఉండదు.

ఎడ్ల బండలాగుడు పోటీల తీరు వేరు. అక్కడ పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ గిత్తల వయసును బట్టి విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలిచి విజేతను తేలుస్తారు. దూరంగా ఉన్న కెమెరాకు దుమ్ము రేపుతున్న జత, అదిలిస్తున్న తోలేవారు కనిపిస్తారు తప్ప ఎంత సమయం గడిచింది, ఎంత దూరం లాగింది, ఇది ఏ ఊరి జత, రైతు ఎవరు, ముందున్న జత కంటే ఎన్ని అడుగులు వెనుకబడి ఉంది అన్న వివరాలన్నీ మైకు పట్టుకున్న వ్యాఖ్యాత నోటి నుంచే రావాలి. ఏడాది పొడవునా దాణా పెట్టి మేపిన రైతుకు ఆ మైకులో తన పేరు, తన ఊరి పేరు వినబడడం బహుమతి సొమ్ముతో సమానమైన గౌరవం. మ్యూట్ అయిన ప్రసారంలో మిగిలేది ఎవరివో తెలియని రెండు గిత్తలు, ఒక రాయి.

యంత్రం పాటను ఎలా పోల్చుకుంటుందో తెలిస్తే తప్ప దాని శక్తీ లోపమూ అర్థం కావు. ధ్వనిని కాలం అడ్డంగాను, స్వరస్థాయి నిలువుగాను ఉండే ఒక పటంగా గీసినప్పుడు, ఏ క్షణంలో ఏ స్థాయి బిగ్గరగా ఉందో దానిపై చుక్కలుగా కనిపిస్తుంది. ఈ పటాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అందులో చుట్టుపక్కల వాటికంటే ప్రస్ఫుటంగా పైకి లేచిన శిఖరాలను మాత్రమే ఏరి, వాటిని రెండేసి చొప్పున జతపరచి, ఒక్కొక్క జతలోని రెండు స్థాయులనూ వాటి మధ్య కాలవ్యవధినీ ఒక సంకేతంగా రాసుకుంటే, ఆ సంకేతాల వరుస ఆ పాటకు వేలిముద్రలా పనిచేస్తుంది. షాజామ్ సేవ కోసం ఏవరీ వాంగ్ రూపొందించి 2003లో ప్రచురించిన పద్ధతి ఇదే. రద్దీగా ఉన్న హోటల్లో ఫోను ఎత్తి పట్టుకున్నా పాట పేరు చెప్పగలగాలన్నది ఆ పద్ధతి లక్ష్యం కాబట్టి, గోల మధ్య కూడా కొన్ని శిఖరాలు చెక్కుచెదరకుండా మిగిలితే చాలు, యంత్రం పాటను పట్టేస్తుంది. జనం కేకలతో పాట కప్పబడిపోతుందిలే అన్న నిర్వాహకుల ధీమాకు అందుకే ఆధారం లేదు.

ఈ వేలిముద్రలను హక్కుదారులు ఇచ్చిన పాటల భాండాగారంతో సరిపోల్చే ఏర్పాటును యూట్యూబ్ 2007లో ప్రవేశపెట్టింది. దానినే కంటెంట్ ఐడీ అంటారు. పోలిక దొరికినప్పుడు వీడియోను ఆపాలా, దానిపై వచ్చే ప్రకటనల ఆదాయాన్ని తీసుకోవాలా, ఊరికే గమనించి వదిలివేయాలా అన్నది హక్కుదారు ముందే ఎంచుకుంటాడు. ఫేస్‌బుక్ 2016లో రైట్స్ మేనేజర్ పేరుతో ఇటువంటి ఏర్పాటునే తెచ్చింది. ప్రత్యక్ష ప్రసారం విషయంలో యూట్యూబ్ మరింత కఠినంగా ఉంటుంది. ఇతరుల పాట ఉన్నట్లు తేలితే ప్రసారం స్థానంలో ఒక నిశ్చలచిత్రం వచ్చి నిర్వాహకుడికి హెచ్చరిక అందవచ్చు, పాట కొనసాగితే ప్రసారమే తాత్కాలికంగానో పూర్తిగానో ఆగిపోవచ్చు, అంతా సజావుగా ముగిసినా భద్రపడిన వీడియోను యంత్రం మళ్ళీ జల్లెడ పడుతుంది.

మ్యూట్ ఎంత మొరటు పనిముట్టుగా మారగలదో 2014 ఆగస్టులో ట్విచ్ అనే ప్రసార వేదిక చూపించింది. ఆడిబుల్ మ్యాజిక్ సంస్థ సాంకేతికత సాయంతో అది భద్రపరచిన వీడియోలను 30 నిమిషాల ముక్కలుగా పరిశీలించి, ముక్కలో ఎక్కడ ఒక పాట దొరికినా ఆ 30 నిమిషాలనూ మూగగా మార్చివేసింది. పురుషుల కబడ్డీలో ఒక్కొక్క అర్ధభాగం 20 నిమిషాలు. ఆ కొలతతో చూస్తే విరామంలో మోగిన ఒక్క పాట ఆట మొత్తంలో సగానికి పైగా గొంతును నొక్కివేయగలదు. కొలబద్ద ఆట కోసం తయారైనది కాకపోవడమే దీనికి కారణం. 2014 నుంచి వ్యాపార ప్రాతిపదికన నడుస్తున్న ప్రొ కబడ్డీకి ఈ బెడద లేదు. ఏ పాట ఎప్పుడు వినిపించాలో, దానికి ఎవరి అనుమతి కావాలో చూసుకునే సిబ్బంది అక్కడ ఉంటారు. పాలేల్లో చందాలు వేసుకుని టోర్నమెంటు పెట్టుకున్న యువకులకు ఆ వెసులుబాటు లేదు.

ఇంత చెప్పినా, పాట హక్కును చిన్నచూపు చూడడం ఈ ఉపన్యాసానికి సమ్మతం కాదు, ఘంటసాల పేరు మీద మాట్లాడేటప్పుడు అసలే కాదు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం పాట రాసిన కవికి, బాణీ కట్టిన స్వరకర్తకు, ధ్వనిముద్రణ చేయించిన సంస్థకు హక్కులు ఇచ్చింది గాని పాడిన గాయకుడిని పట్టించుకోలేదు. 1977లో సుప్రీంకోర్టు సినిమా నిర్మాతల సంఘానికి, స్వరకర్తల పక్షాన నిలిచిన ఐపీఆర్ఎస్ అనే హక్కుల సంస్థకు మధ్య వచ్చిన వివాదంలో నిర్మాతల వైపే తీర్పు చెప్పింది. అయితే జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పుకు చేర్చిన తన మాటలో, పాటకు ప్రాణం పోసే గాయకుడికి చట్టంలో హక్కే లేకపోవడాన్ని ఎత్తిచూపి, పార్లమెంటు దానిని గమనించాలని కోరారు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో గాని చట్టంలోకి రాలేదు. రచయితలకు, స్వరకర్తలకు సినిమా హాలు వెలుపల పాట వినియోగంపై వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుందనీ, ఆ వాటాను వారు వదులుకుంటున్నట్లు రాయించుకున్నా చెల్లదనీ 2012 సవరణ నిర్దేశించింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాలకు, ఆయన జీవించినంతకాలం, గాయకుడిగా ఈ దేశపు కాపీరైట్ చట్టంలో ఏ హక్కూ లేదు. స్వరకర్తగా ఉన్న హక్కు కూడా సినిమా రంగంలో నిర్మాత చేతికే పోయేది.

ఈ చరిత్రలో నేటి చిక్కుకు నేరుగా వర్తించే విషయం ఒకటి ఉంది. ఆనాడు పాట విన్న చట్టానికి పాడినవాడు వినబడలేదు. ఈనాడు పాట వినే యంత్రానికి కూత పెట్టినవాడు వినబడడం లేదు. గాయకుడిని గుర్తించడానికి చట్టానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ప్రదర్శకుడు అనే మాటకు ఇప్పుడు చట్టం ఇచ్చిన నిర్వచనంలో నటుడు, గాయకుడు, నర్తకుడితోపాటు దొమ్మరివిద్య చేసేవాడు, గారడీవాడు, పాములు ఆడించేవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు, ఇంకా ప్రదర్శన చేసే మరెవరైనా ఉన్నారు. ఇంత విశాలమైన నిర్వచనంలో, గంటల తరబడి గుక్క తిప్పుకోకుండా, ప్రాసలు కలుపుతూ, ఊరి చరిత్రనూ ఎడ్ల వంశాన్నీ ఏకరువు పెట్టే మైకు వ్యాఖ్యాతకు చోటు లేదనడం కష్టం. ఆటగాడి విషయం అంత తేలిక కాదు. ఆటను ప్రదర్శనగా లెక్కించాలా వద్దా అన్నది వాదోపవాదాలకు లోబడినది. కాని వ్యాఖ్యాతదీ ఒక ప్రదర్శనే అని ఒప్పుకుంటే, పాట మీద హక్కుదారు ఫిర్యాదు వచ్చినప్పుడు తుడిచివేయబడుతున్నది మరొక హక్కుదారుడి సొత్తని కూడా ఒప్పుకోవలసి వస్తుంది.

ఇక పాటకు యజమాని ఎవరన్న ప్రశ్న యంత్రం అనుకున్నంత సూటిగా ఉండదనడానికి ఈ ప్రాంతానికే చెందిన ఒక ఉదాహరణ చాలు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చిత్రానికి పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి పనిచేసినవాడు, బాణీలు కట్టినది చౌటపల్లి ఘంటసాల, కథానాయకుడు నిమ్మకూరు రామారావు. భారతదేశంలో ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన సంవత్సరం తరువాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అందువల్ల 1951 నాటి ముద్రణపై హక్కు 2011 డిసెంబరు 31తో ముగిసింది. కవి, స్వరకర్తల హక్కు మాత్రం వారు మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత 60 ఏళ్ళు నిలుస్తుంది; పింగళి 1971లో మరణించారు కాబట్టి సాహిత్యంపై హక్కు 2031 చివరి దాకా, ఘంటసాల 1974లో మరణించారు కాబట్టి బాణీపై హక్కు 2034 చివరి దాకా ఉంటాయి. అంటే అదే పాటలో ముద్రణ అందరిదీ అయిపోగా మాటా బాణీ ఇంకా కొందరివిగానే ఉన్నాయి. ప్రసారాన్ని అమెరికాలో చూస్తున్నవారి విషయంలో లెక్క మళ్ళీ మారుతుంది. ఆ దేశపు చట్టం ప్రకారం 1951 నాటి ముద్రణకు రక్షణ ఇంకా చాలా ఏళ్ళు కొనసాగుతుంది. పాటలో ఏ అంశం ఎవరిదో, ఏ దేశంలో ఎంతకాలమో వేలిముద్ర చెప్పదు. భాండాగారంలో దానిని ఎవరు నమోదు చేశారో అంతవరకే చెబుతుంది.

ఎవరికీ యాజమాన్యం లేని పాటలకు ముప్పు ఇంతకంటే ఎక్కువ. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదంపై ఏ సంస్థకూ హక్కు ఉండదు. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలపై, జంటలో చివరివారైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950లో మరణించినందున, 2010 చివరితో హక్కు తీరిపోయింది. అయినా క్షేత్రయ్య పదాన్ని ఇటీవల ఎవరో పాడగా ఒక సంస్థ ముద్రించి వేలిముద్ర నమోదు చేసి ఉంటే ఆ ముద్రణపై దానికి న్యాయమైన హక్కే ఉంటుంది, కాని మువ్వ కుర్రవాడు టోర్నమెంటు ప్రారంభంలో స్వయంగా పాడిన అదే పదాన్ని బాణీ పోలికను బట్టి యంత్రం ఆ సంస్థ ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. సంప్రదాయ సంగీతంలో ఒకే రాగం, ఒకే కట్టడి, ఒకే ఎత్తుగడ వందల గొంతుల్లో ఒకేలా వినిపించడం సహజం. పాటను మరొకరు పాడినా పోల్చగలిగే యంత్రాలు మెరుగవుతున్న కొద్దీ, ఉమ్మడి సొత్తును ఒకరి సొత్తుగా పొరబడే అవకాశం కూడా పెరుగుతుంది. అభ్యంతరం తెలిపే వీలు వేదికలు కల్పించాయి గాని, ఆ తంతు తేలేసరికి పండుగ ముగిసి, చూడవలసినవారు చూడకుండానే ఆట పాతబడిపోతుంది.

చట్టంలోని మినహాయింపులు ఊరి ఆటకు ఎంతవరకు అక్కరకు వస్తాయో చూడవలసి ఉంది. ముందుగా తొలగించవలసిన అపోహ ఒకటి: ఆటస్థలంలో పాట వేయడానికి అనుమతి, ఆ పాట ప్రసారంలో వినబడడానికి అనుమతి ఒకటి కావు. రచన, బాణీలకు సంబంధించి 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్, ముద్రణలకు సంబంధించి పీపీఎల్ వంటి సంస్థలు బహిరంగ ప్రదర్శనకు లైసెన్సులు ఇస్తాయి. ఆ రసీదు చేతిలో ఉన్నంత మాత్రాన యూట్యూబ్‌లో మ్యూట్ తప్పదు. రేడియో, టెలివిజన్ ప్రసారాలకు నిర్ణీత రుసుముపై అనుమతి పొందే సదుపాయాన్ని 2012 సవరణ 31డి సెక్షనుగా చేర్చింది, కాని అది ఇంటర్నెట్ సేవలకు వర్తించదని టిప్స్, వింక్ సంస్థల వివాదంలో బొంబాయి హైకోర్టు 2019లో చెప్పి 2022లో ధ్రువీకరించింది. కాబట్టి ఊరి కుర్రవాడు తన లైవ్ కోసం ఒక్కొక్క సంస్థతో విడివిడిగా ఒప్పందం చేసుకోవాలి, అది జరిగే పని కాదు.

52వ సెక్షను నిజమైన మతపరమైన వేడుకలో, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ జరిపే అధికారిక వేడుకలో పాట వినిపించడాన్ని ఉల్లంఘనగా చూడదు. అమ్మవారి జాతరలో భాగంగా జరిగే కబడ్డీ పోటీ మతపరమైన వేడుక కిందికి వస్తుందా? 2023 డిసెంబరు 26న మొదలై గ్రామ సచివాలయాల స్థాయి నుంచి క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు నిర్వహించిన 'ఆడుదాం ఆంధ్రా' వంటి ప్రభుత్వ కార్యక్రమం అధికారిక వేడుక అవుతుందా? వీటికి సమాధానం చెప్పవలసినది న్యాయస్థానం. సందర్భాన్ని బట్టి జవాబు మారుతుంది. యంత్రానికి సందర్భం తెలియదు, అది ఆగి అడగదు కూడా. మనిషి తూచి తేల్చవలసిన ప్రశ్నను పోలికల లెక్క తేల్చివేయడం ఈ ఏర్పాటులో అన్నిటికంటే తీవ్రమైన లోపం.

అదే సెక్షనులో మరొక ఖాళీ ఉంది. ఒక చిత్రంలో నేపథ్యంగానో, ప్రధాన విషయానికి ఆనుషంగికంగానో కళాకృతి కనబడితే, ఉదాహరణకు ఆటస్థలం గోడ మీది బొమ్మ కెమెరాలో పడితే, అది తప్పు కాదని చట్టం స్పష్టంగా చెబుతుంది. అదే కెమెరాకు నేపథ్యంగా వినబడిన పాటకు ఆ రక్షణ లేదు. కంటికి ఇచ్చిన మినహాయింపును చెవికి ఇవ్వకపోవడానికి సమర్థన కనబడదు. బ్రిటన్ 1988 చట్టంలోని 31వ సెక్షను ప్రసారంలో అనుకోకుండా చేరిన సంగీతాన్ని కూడా మినహాయించింది, అయితే కావాలని చేర్చిన సంగీతం ఆనుషంగికం కాదని ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు సముచితమైనది. టోర్నమెంటు ప్రకటన వీడియోకు సినిమా పాట అతికించుకున్నవాడికి, ఆట తీస్తుండగా దూరపు హారను నుంచి పాట పడినవాడికి తేడా ఉండాలి. సంగీతానికీ ముద్రణకూ వర్తించేలా మన 52వ సెక్షనులో ఇటువంటి ఉపవాక్యం చేరితే, ఊరి ప్రసారాలకు అది ఏ లైసెన్సు పథకం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

చట్టం మారేదాకా ఆటస్థలంలోనే చేసుకోదగిన పనులు లేకపోలేదు. మైకుసెట్టు మిక్సరులో పాటకు ఒక దారి, వ్యాఖ్యాత మైకుకు వేరొక దారి ఉంటాయి. హారన్లకు రెండింటినీ కలిపి పంపుతూ, ప్రసారానికి వ్యాఖ్యాత మైకును మాత్రమే తీగతో నేరుగా అందిస్తే, కెమెరా మైకును మూసివేసినా మాట నిలుస్తుంది. కబడ్డీ బరి పక్కన గీతకు దగ్గరగా మరొక మైకు పెడితే కూత కూడా ఆ దారిన చేరుతుంది. అమెరికాలో హైస్కూలు ఆటలను మనిషి లేకుండా తీసే యంత్ర కెమెరాలు సైతం మైదానంలో మోగే పాట ముందు ఇదే ఇబ్బంది పడతాయి. అటువంటి ప్రసారాలకు సరిపడే స్వయంచాలక మ్యూట్ అంటే, ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేసి, ఆ వ్యవధిలో పాటను పోల్చుకుని, పాట చేరిన దారిని మాత్రమే మూసి, పాట ఆగగానే తిరిగి తెరిచేది. వేదిక కొట్టే మ్యూట్‌కూ నిర్వాహకుడే పెట్టుకునే ఈ మ్యూట్‌కూ తేడా చాలా ఉంది. ఇందులో ఏది పోవాలో ఏది ఉండాలో ఆట తెలిసినవాడు నిర్ణయిస్తాడు.

పాటను మాటల నుంచి విడదీసే కృత్రిమ మేధ పరికరాలపై పెరుగుతున్న ఆశలను కొంత జాగ్రత్తగా చూడాలి. డీజర్ సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్ వంటివి శబ్దాన్ని గాత్రం, వాద్యం అని రెండుగా చీల్చగలవు. కాని మైదానంలో గాయకుడి గొంతూ వ్యాఖ్యాత గొంతూ రెండూ గాత్రమే, సినిమా డ్రమ్ములూ ఊరి డప్పులూ రెండూ వాద్యమే, కాబట్టి ఆ చీలిక పోవలసిన దానిని ఉంచి ఉండవలసిన దానిని తీసివేయవచ్చు. 2024లో యూట్యూబ్ మెరుగుపరచిన పరికరం హక్కు ఉన్న పాటను మాత్రమే చెరిపి మాటలను ఉంచడానికి ప్రయత్నిస్తుంది. అది భద్రపడిన వీడియోకు పనికివస్తుంది, నడుస్తున్న ఆటకు కాదు. ఇంతకంటే పొదుపైన మార్గం ప్రతి సెల్‌ఫోనులోనూ ఉంది. ఫోను స్పీకరు నుంచి వచ్చే అవతలివాడి మాట మళ్ళీ మైకులో పడి ప్రతిధ్వనించకుండా, స్పీకరుకు ఏం పంపిందో తెలిసిన ఫోను, మైకు విన్నదానిలోంచి దానిని తీసివేస్తుంది. ఏ పాట మోగుతోందో మిక్సరుకు తెలుసు. ఆ సంకేతాన్ని ఆధారంగా చేసుకుని కెమెరా మైకు నుంచి పాటను తీసివేయడం సూత్రరీత్యా అదే పని. ఊరి నాలుగు మూలలా కట్టిన హారన్ల నుంచి పాట వేర్వేరు ఆలస్యాలతో చేరడం, గాలి దిశ మారడం దీనిని కష్టం చేస్తాయి. అయినా విజయవాడ చుట్టుపక్కల ఉన్న ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తమ ప్రాజెక్టుగా చేపట్టడానికి ఇంతకంటే ఉపయోగకరమైన సమస్య దొరకదు.

వీటన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేకుండా చేయగలిగినది పాట వేళను మార్చుకోవడం. రైడు సాగుతున్నంతసేపూ పాట ఆపి, రెండు అర్ధభాగాల మధ్య విరామంలో, ఎడ్ల పోటీల్లో ఒక జత దిగి మరొక జత కాడి కట్టే వ్యవధిలో పాట వేస్తే, మ్యూట్ పడినా ఆటపై పడదు. ఎడతెగని పాట లేకపోతే జనం రారన్న భయం అక్కరలేదు. బరిలో కూత వినబడుతున్నప్పుడు జనం వినేది దానినే.

వేదికలో మిగిలే వీడియోపైనే ఆధారపడకుండా, ప్రసారంతోపాటే మూలప్రతిని సొంత హార్డ్ డిస్కులో భద్రపరచుకోవడం టోర్నమెంటు కమిటీలు చేయవలసిన మరొక పని. ప్రసార సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ రెండింటినీ ఒకేసారి చేయగలవు. చట్టం దృష్టిలో ఒక ముద్రణకు నిర్మాత అంటే దానిని తలపెట్టి బాధ్యత వహించినవాడు. ఆ లెక్కన కూత, ఈల, వ్యాఖ్యానం ఉన్న ఆ ముద్రణకు నిర్మాత ఊరి కమిటీయే. 2026 సంక్రాంతి పోటీల ముద్రణను అదే ఏడాది విడుదల చేస్తే దానిపై హక్కు 2086 చివరి దాకా ఆ కమిటీదే అవుతుంది. ఏ తేదీన, ఏ ఊరి ఆటస్థలంలో, ఏ జట్ల మధ్య జరిగినదో, వ్యాఖ్యాత ఎవరో, నేపథ్యంలో ఏ పాటలు మోగాయో ఒక కాగితం మీద రాసి ఆ డిస్కుతోపాటు పంచాయతీ గ్రంథాలయంలోనో బడిలోనో ఉంచితే, పాట హక్కుదారు ఎవరైనా అడిగిన రోజున ఏది వారిదో, ఏది ఊరిదో చూపించడానికి ఆ కాగితమే ఆధారమవుతుంది.